బ్యాడ్జి మీద పేరు

అక్టోబరు 7, మంగళవారం రాత్రి. హోటల్ రెండో అంతస్తులో ఒక చిన్న గదిలో కూర్చుని నేనూ ఇంకో ఇద్దరూ బ్యాడ్జిలు సర్దుతున్నాం. మర్నాడు మధ్యాహ్నం నుంచి మూడు రోజులు, ఇక్కడ అమెరికాలో మా రాష్ట్రంలోని గ్రాడ్యుయేట్ స్కూల్ (ఎమ్మెస్, పీహెచ్‌డీ చదువులు చూసే విభాగం) ఆఫీసుల్లో పనిచేసేవాళ్ల వార్షిక సమావేశం. ఒక బ్యాడ్జి దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. పెద్ద అక్షరాల్లో 'ఎఫ్‌ఎన్‌యూ' అని ఉంది. దాని కింద చిన్న అక్షరాల్లో మూడు మాటల పొడుగాటి పేరు. చూడగానే మనవాళ్ల అబ్బాయని తెలిసిపోయింది.

ఎఫ్‌ఎన్‌యూ అంటే 'ఫస్ట్ నేమ్ అన్‌నోన్'. పేరు తెలియదు అని. మన పాస్‌పోర్టులో ఇంటిపేరుకు ఒక గడి, పేరుకు ఒక గడి ఉంటాయి. టెన్త్ మెమోలో ఎలా ఉంటే అలాగే ఉండాలని చాలామంది పేరంతా ఒకే గడిలో రాయించేస్తారు. అమెరికా వీసా వచ్చేసరికి ఆ మొత్తం ఇంటిపేరు గడిలోకి పోతుంది, పేరు ఉండాల్సిన చోట ఎఫ్‌ఎన్‌యూ అని పడుతుంది. అక్కణ్ణుంచి అది యూనివర్సిటీ రికార్డుల్లోకి, జీతం కాగితాల్లోకి పాకుతుంది. చివరికి ఇలా మెడలో వేలాడే బ్యాడ్జి మీదికి కూడా వచ్చేస్తుంది.

ఆ అబ్బాయి ఇంకో యూనివర్సిటీలో అడ్మిషన్స్ ఆఫీసులో కొత్తగా చేరాడు. మెయిల్ పెట్టాను. పది నిమిషాల్లో జవాబొచ్చింది. "పర్లేదండీ, నాలుగేళ్ల నుంచి అలవాటైపోయింది. చదువుకునేటప్పుడు కొందరు ఫ్నూ అనే పిలిచేవాళ్లు." ఆ మాట చదివాక నాకు చాలాసేపు పని మీద మనసు నిలవలేదు. "మీ ఇంట్లో ఏమని పిలుస్తారు తమ్ముడూ?" అని మళ్లీ అడిగాను. ఒక్క మాట పంపాడు. ఆ మాటే పెద్ద అక్షరాల్లో అచ్చువేసి, పాత బ్యాడ్జి చింపేశాను.

నా ఉద్యోగం గురించి మా ఇంట్లోవాళ్లకు ఇప్పటికీ సరిగ్గా చెప్పలేకపోతున్నాను. సాఫ్ట్‌వేర్ అంటే అర్థమవుతుంది, ప్రొఫెసర్ అంటే అర్థమవుతుంది. నేను ఒక ప్రభుత్వ యూనివర్సిటీ గ్రాడ్యుయేట్ స్కూల్లో ఎమ్మెస్, పీహెచ్‌డీ పిల్లల ఫైళ్లు చూస్తాను. అడ్మిషన్ కాగితాలు, అసిస్టెంట్‌షిప్ ఆర్డర్లు, థీసిస్ మార్జిన్లు, డిగ్రీ పూర్తయిందని పెట్టే చివరి సంతకం, అన్నీ మా బల్లల మీదుగానే వెళ్తాయి. డీన్లకు పెద్ద సంస్థే ఉంది. 1961లో మొదలైన కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్, వాషింగ్టన్‌లో ఆఫీసు, ఏటా డిసెంబరులో సమావేశం. ఫైలు తెరిచి చూసేవాళ్లకు మాత్రం దొరికేది మా సమావేశం లాంటివే.

నేను ప్లానింగ్ కమిటీలో చేరినప్పుడు మొదట నేర్చుకున్నది క్యాలెండర్ చూడటం. వసంతంలో పెట్టడానికి వీల్లేదు. ఏప్రిల్ 15 వరకు మాకు ఊపిరి ఆడదు. ఆర్థిక సాయంతో సీటిస్తామన్న యూనివర్సిటీలకు విద్యార్థులు ఆ తేదీలోపు ఏదో ఒకటి చెప్పాలన్నది డీన్ల కౌన్సిల్ తీర్మానం, దాన్ని ఒప్పుకున్న యూనివర్సిటీలు అంతకుముందే జవాబు చెప్పమని ఒత్తిడి చెయ్యకూడదు. ఆగస్టులో కొత్త పిల్లలు దిగుతారు. నవంబరు, డిసెంబరు థీసిస్‌లవి. మిగిలేది అక్టోబరు. అందులోనూ ఇక్కడ ఫుట్‌బాల్ మ్యాచ్ ఉన్న శనివారాల్లో హోటల్ అద్దె రెండింతలవుతుంది, కాబట్టి శుక్రవారం మధ్యాహ్నానికి గదులు ఖాళీ చేసేయాలి. పండగలు కూడా చూస్తారు. 2025లో యూదుల యోమ్ కిప్పూర్ అక్టోబరు 2న వచ్చింది, అదే రోజు మన దసరా. జాబితాలో దసరా, 20న దీపావళి నేను చేర్చాను. ఎవరూ కాదనలేదు. అంతకుముందు ఆ జాబితాలో మన పండగలు రాసినవాళ్లు లేరు, అంతే.

తర్వాత హోటల్ కాంట్రాక్టు. మనం ఇన్ని గదులు తీసుకుంటామని సంతకం పెడితే, అందులో 80 శాతమైనా నిండాలి. నిండకపోతే తేడా మనమే కట్టాలి. భోజనాల మీద కూడా ఇంత ఖర్చు పెట్టి తీరాలని ఇంకో షరతు. సర్వీస్ చార్జీ వేస్తారు, ఆ సర్వీస్ చార్జీ మీద మళ్లీ పన్ను. కాఫీ కప్పుల లెక్కన ఇవ్వరు, గ్యాలన్ల లెక్కన ఇస్తారు. గ్యాలన్‌కు పదహారు చిన్న కప్పులు. పొద్దున్న ఎక్కువ తాగుతారు, మధ్యాహ్నం తగ్గిస్తారు, అది అంచనా వేసుకుని చెప్పాలి. తినేవాళ్ల సంఖ్య మూడు రోజుల ముందే ఖాయం చేయాలి. మా పెదనాన్న ఊళ్లో ఎవరింట పెళ్లయినా ముందురోజు రాత్రి వంటవాళ్ల పక్కన కూర్చుని విస్తళ్ల లెక్క కట్టేవారు. శుభలేఖలు ఎన్ని పంచారన్నది ఆయన అడిగేవారు కాదు, ఏ వీధి నుంచి ఎందరొస్తారో వేళ్ల మీద లెక్కపెట్టేవారు. నేనూ అలాగే, పేరు నమోదు చేసుకున్నవాళ్లలో ఎవరు పొద్దున్నే బయల్దేరి ఇంటికెళ్లిపోతారో ఊరి పేరును బట్టి లెక్కేశాను.

కాంట్రాక్టు మీద సంతకమయ్యాక అసలు టెన్షన్ మొదలైంది. 2025 ఫిబ్రవరి నుంచి ఫెడరల్ పరిశోధన గ్రాంట్లకు కోతలు పడ్డాయి. చాలా యూనివర్సిటీలు ప్రయాణ ఖర్చులు ఆపేశాయి. మే చివర్లో కొత్త విద్యార్థి వీసా అపాయింట్‌మెంట్లు నిలిపేశారు, జూన్‌లో మళ్లీ తెరిచారు. జులై నాటికి మా గదుల్లో సగం కూడా నిండలేదు. కమిటీ చైర్ ఆవిడ ముప్పై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నారు, ఆవిడ గొంతులో కూడా దిగులు వినిపించింది. ఒక్కరోజుకే వచ్చేవాళ్లకు విడిగా ఫీజు పెట్టాం. కారులో రెండు గంటల దూరంలో ఉన్న ప్రతి ఆఫీసుకూ నేనే ఫోన్ చేశాను. ఒక కాలేజీ నుంచి ఆరుగురు ఒకే వ్యాన్‌లో వస్తామన్నారు. ఇద్దరేసి ఒక గదిలో ఉంటామన్నవాళ్లూ ఉన్నారు. 80 శాతం గీత దాటాం, బొటాబొటిగా.

అదే సమయంలో నేను పెట్టమన్న సెషన్ కూడా ఊగిసలాడింది. భారతదేశం నుంచి వచ్చే ఫైళ్లు ఎలా చదవాలో చెప్తానని అడిగాను. 2023-24 విద్యాసంవత్సరంలో అమెరికాలో 3,31,602 మంది భారతీయ విద్యార్థులుంటే, అందులో 1,96,567 మంది గ్రాడ్యుయేట్ స్థాయిలోనే చదువుతున్నారని, విదేశీ విద్యార్థుల లెక్కలిచ్చే ఓపెన్ డోర్స్ నివేదిక చూపించాను. అప్పుడు ఒప్పుకున్నారు. వేసవి వచ్చేసరికి, "ఈసారి వాళ్లు తక్కువే వస్తారేమో కదా, ఇంకేదైనా పెడదామా?" అని ఒకరన్నారు. వద్దని గట్టిగా చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను.

నేను ఎమ్మెస్‌కు వచ్చిన మొదటి సెమిస్టర్లో నా రిజిస్ట్రేషన్ మీద హోల్డ్ పెట్టారు. నా దగ్గరున్నది జేఎన్‌టీయూ ప్రొవిజనల్ సర్టిఫికెట్. ప్రొవిజనల్ అన్న మాట చూసి, డిగ్రీ ఇంకా పూర్తి కాలేదని ఎవరో రాసేశారు. మన దగ్గర ఒరిజినల్ డిగ్రీ రావడానికి సమయం పడుతుందని, అన్నీ పాసైతేనే ప్రొవిజనల్ ఇస్తారని మూడు కౌంటర్లలో చెప్పాను. ఎవరూ వినలేదు. హోల్డ్ తీయకపోతే క్లాసుల్లేవు, క్లాసుల్లేకపోతే వీసా స్టేటస్ పోతుంది. మా నాన్న తెచ్చిన అప్పు తలుచుకుంటూ మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. నాలుగో కౌంటర్లో ఒక పెద్దావిడ కాగితం చూసి, "ఓ, ఇదా. పోయినేడు ఒక సమావేశంలో దీని గురించి చెప్పారు" అని రెండు ఫోన్లు చేసింది. ఐదు నిమిషాల్లో హోల్డ్ పోయింది.

సెషన్ గురువారం పదిన్నరకు. ముప్పై కుర్చీలు వేయించాను, గోడల పక్కన కూడా నిలబడ్డారు. తెర మీద నా సొంత కన్సాలిడేటెడ్ మార్కుల మెమో వేశాను. ఇంటిపేరు ముందు ఎందుకుందో, టెన్త్‌లో పొట్టి అక్షరంగా ఉన్నది ఇంజనీరింగ్‌లో ఎందుకు విచ్చుకుందో, ఒకే మనిషికి మూడు కాగితాల మీద మూడు రకాలుగా పేరుంటే అది మోసం కాదని ఎలా గుర్తుపట్టాలో చెప్పాను. సప్లిమెంటరీ అంటే ఏమిటో, మనకు 70 శాతం ఎంత మంచి మార్కో చెప్పాను. ఎఫ్‌ఎన్‌యూ దగ్గరికి వచ్చేసరికి వెనక వరసలో ఆ అబ్బాయి చెయ్యెత్తాడు. తన కథ తనే చెప్పాడు, రెండు నిమిషాలు. మెడలో కొత్త బ్యాడ్జి ఉంది.

అయిపోయాక ఒకావిడ నా దగ్గరికి వచ్చింది. చిన్న కాలేజీ, ఆఫీసులో ఆవిడొక్కతే. "పోయిన నెల ఒక ఫైలు వెనక్కి పంపాను, ప్రొవిజనల్ అని ఉందని" అంది. ముఖం ఎర్రబడింది. "మళ్లీ తెరవొచ్చా?"

"తెరవండి. స్ప్రింగ్ సెమిస్టర్‌కి ఇంకా టైముంది."

అక్కడే కుర్చీలో కూర్చుని లాప్‌టాప్ తీసి, ఫైలు నెంబరు వెతకడం మొదలుపెట్టింది. పక్క హాల్లో భోజనాలు పెడుతున్నారని ఎవరో పిలిచారు. ఆవిడ తల ఎత్తలేదు. నేను వెళ్లి ఇద్దరికీ రెండు ప్లేట్లు తెచ్చాను.