ధర్మరాజు విడిచిపెట్టని ఏడో ప్రాణి

మహాభారతంలో పాండవులు రాజ్యం విడిచి చివరి ప్రయాణం సాగించే మహాప్రస్థానిక పర్వం చెప్పేటప్పుడు మన ప్రవచనాల్లో ఒక తొందర కనిపిస్తుంది. ద్రౌపది ఎందుకు పడిపోయింది, సహదేవుడి దోషమేమిటి, అర్జునుడి గర్వమేమిటి, భీముడి తిండి సంగతేమిటి అని ఒక్కొక్కరినీ విచారించేసరికి పొద్దుపోతుంది. చివర్లో కుక్క మిగులుతుంది. ‘అది యమధర్మరాజే కదా’ అని ఒక్క మాట అనేసి మంగళం పాడేస్తారు. ఆ మాట విన్నప్పుడల్లా నా మనసు చివుక్కుమంటుంది. ధర్మరాజుకు ఆ సంగతి తెలియదు! ఇంద్రుడు రథం తెచ్చి ఎక్కమన్నప్పుడు ఆయన కంటికి పక్కన ఉన్నది ఒట్టి కుక్క. దాని కోసమే స్వర్గం వద్దన్నాడు. దేవుడని తెలిసి నిలబడితే అందులో గొప్పేముంది?

వ్యాసుడు దాన్ని ఆఖరి ఘట్టంలో హఠాత్తుగా తీసుకురాలేదు. హస్తినాపురం విడిచేటప్పుడే లెక్కలో చేర్చాడు. ‘భ్రాతరః పంచ కృష్ణా చ షష్ఠీ శ్వా చైవ సప్తమః’. అన్నదమ్ములు ఐదుగురు, ద్రౌపది ఆరు, కుక్క ఏడు. పౌరులు చాలా దూరం వెంట వచ్చి వెనుదిరిగారు. కుక్క వెనుదిరగలేదు.

అసలు భారత కథ మొదలవడమే ఒక కుక్క తల్లి కన్నీటితో మొదలవుతుంది. జనమేజయుడి యాగశాలకు వెళ్ళిన సరమ కొడుకు హవిస్సును నాకలేదు, దానివైపు చూడనైనా లేదు. రాజు తమ్ముళ్ళు ఊరికే కొట్టారు. తల్లి వచ్చి ఎందుకు కొట్టారని నిలదీస్తే ఒక్కరూ నోరు మెదపలేదు. ‘తగునిది తగదని యెదలో వగవక’ అన్న నన్నయ పద్యాన్ని బడిలో అందరం వల్లించాం. దాన్ని పలికింది బిడ్డను కొడితే కడుపు రగిలిన ఆ దేవశునకమని ఎందరికి గుర్తుంది?

ఆ తరువాత వచ్చేది వేటకుక్క. నన్ను ఎక్కువ కాలం వేధించింది ఇదే. ఏకలవ్యుడి కథ అంటే బొటనవేలు గుర్తొస్తుంది, రావలసిందే. కానీ అంతకుముందు పాండవుల వేటసామాను మోసే పరిచారకుడి వెంట అడవికి వచ్చిన ఆ కుక్క ఉంది. జింకచర్మం కట్టిన కొత్త మనిషిని చూసి మొరిగింది. మొరగడం దాని పని. ఏకలవ్యుడు దాని నోట్లోకి ఏడు బాణాలు సంధించాడు. నోటినిండా బాణాలతో అది అడవిలోకి పారిపోలేదు, తన వాళ్ళనే వెతుక్కుంటూ వచ్చింది. ‘స తు శ్వా శరపూర్ణాస్యః పాండవానాజగామ హ’. మరి ఆ వీరులు ఏం చూశారు? విలుకాడి చేతివాటం చూశారు. ఆశ్చర్యపోయారు, తమకు అంత విద్య లేదని సిగ్గుపడ్డారు, మెచ్చుకున్నారు. ఆ బాణాలు ఎవరు తీశారో, ఆ కుక్క బతికిందో లేదో అక్కడ ఒక్క మాట లేదు. ఆ రోజు చూసినవాళ్ళలో ధర్మరాజు కూడా ఉన్నాడు. కుర్రవాడిగా ఉన్నప్పుడు కుక్క నొప్పిని దాటి విద్యను చూసిన కళ్ళు, ముసలితనంలో స్వర్గరథాన్ని దాటి కుక్కను చూశాయి. నాకు మహాప్రస్థానం అంతా ఈ రెండు చూపుల మధ్య నడక.

ఇంద్రుడు చాలా వాదించాడు. కుక్కలున్నవారికి స్వర్గంలో చోటు లేదన్నాడు. కుక్క ఉంటే చేసిన యజ్ఞఫలం క్రోధవశులనే రాక్షసుల పాలవుతుందన్నాడు. ఇంట్లో కుక్క ఉంటే మడి ఎలా అని నన్ను నిలదీసేవారు సరిగ్గా ఈ మాటలే అంటారు. శాస్త్రంలో ఉన్నమాటే, కాదనను. కానీ అదే శాస్త్రంలో ధర్మరాజు జవాబు కూడా ఉంది. నమ్ముకున్నదాన్ని వదిలేయడం బ్రహ్మహత్యతో సమానమన్నాడు. తమ్ముళ్ళనూ భార్యనూ వదిలి వచ్చినవాడివి కుక్కను వదలలేవా అని ఇంద్రుడు పొడిచినప్పుడు ఇంకో మాట అన్నాడు. చనిపోయినవారితో సంధీ లేదు, వైరమూ లేదు. వారిని నేను బతికించలేను, అందుకే విడిచాను. బతికి ఉండగా విడవలేదు. ‘తస్మాత్ త్యాగస్తేషు కృతో న జీవతామ్’.

ఈ శ్లోకం విలువ నాకు మా సింగడు పోయాక తెలిసింది. ముధోల్ జాతి వేటకుక్క వాడు. సన్నటి పొడవాటి మూతి, లోపలికి లాక్కుపోయిన పొట్ట, పరుగెత్తితే నేల తాకుతోందా అనిపించే కాళ్ళు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట ఎక్కడిది? వేరుశనగ చేలో పందులు పడకుండా రాత్రంతా గట్ల మీద తిరగడమే వాడి వేట. చివరి రోజుల్లో లేవలేకపోయాడు. చేలో అలికిడి అయితే చెవులు మాత్రం నిక్కించేవాడు, కాళ్ళు కదిలేవి కావు. నాన్న మజ్జిగలో వేలు ముంచి వాడి పెదవులకు రాసేవారు. గట్టు మీద వేపచెట్టు కింద గొయ్యి తీసి, ఉప్పు చల్లి, పాత దుప్పటి కప్పాం. నాన్న ఆ పూట అన్నం ముట్టలేదు. ‘కుక్కకు కూడా మైల పడతారా, స్నానం చేసి దీపం పెట్టుకోక’ అని ఒక పెద్దాయన అన్నారు. మైల లేదు నిజమే. దుఃఖానికి శాస్త్రం అనుమతి కావాలా? సరమ ఎవరిని అడిగి ఏడ్చింది?

కాబట్టి వేటకుక్కను పోగొట్టుకుని మనుషుల ముందు ఏడవలేక పెరట్లోకి వెళ్ళి ఏడుస్తున్నవారెవరైనా ఉంటే, మీరు చేసేది తప్పు కాదు. బతికి ఉండగా వదలలేదు కదా! ధర్మరాజు చెప్పుకున్నదీ అంతే. వాడి పేరున రోజూ ఒక ముద్ద తీయండి. వీధికుక్కకు పెట్టండి, విసరకండి. వండిన అన్నంలో దేవతలకూ ప్రాణులకూ భాగం తీసే వైశ్వదేవంలో కుక్కకూ కాకికీ పురుగుకూ తీసే అన్నాన్ని మెల్లగా నేల మీద ఉంచమని మనుస్మృతి చెప్పింది. గుడి మెట్ల మీద ప్రసాదం తింటూ, దగ్గరకు వచ్చిన కుక్కను కాలితో తోసేవారిని చూస్తే నాకు యాగశాలలోని ఆ తమ్ముళ్ళే గుర్తొస్తారు.

వేటకుక్కలను పెంచేవారికి మరీ మరీ చెబుతున్నాను. పరుగు తగ్గిందని బండిలో ఎక్కించుకుపోయి ఊరిబయట దింపి రావద్దు. పళ్ళు ఊడితే రాగిజావ పలచగా కాచి చల్లార్చి పోయండి. గోనెపట్టా మడత పెట్టి కింద పరచండి. లేవలేని కుక్కను కొన్ని గంటలకోసారి పక్క మార్చి పడుకోబెట్టండి, లేకపోతే తుంటి దగ్గర ఒరుసుకుపోయి పుండ్లు పడతాయి.