ఇల్లు ఖాళీ చేశాం, డబ్బులింకా రాలేదు

జర్మనీలో మేం అద్దెకున్న ఇంటి ఓనరు ఫోన్ టార్చి వేసి మరీ బాత్రూమ్ టైల్స్ సందులు చూస్తున్నాడు, నేనేమో ఆయన వెనకాలే మీటరు రీడింగులకి ఫొటోలు తీసుకుంటూ తిరుగుతున్నాను.

హాల్లో సోఫా వెనక గోడ కాస్త మాసింది. "పెయింట్ ఖర్చు డిపాజిట్‌లోంచి పట్టుకుంటా" అన్నాడు. మామూలు వాడకంతో వచ్చే అరుగుదల అద్దెకున్నవాళ్ల నెత్తిన వేయకూడదని జర్మనీ చట్టమే చెబుతోంది కదండీ అని మెల్లగా అని, ఇంట్లో దిగిన రోజు తీసిన ఫొటో చూపించాను. మరక అప్పటికే ఉంది! ముఖం గంటు పెట్టుకున్నాడు.

అప్పగింత కాగితంలో తాళంచెవులెన్నో కూడా రాయించాను. "రిపేర్లన్నీ అద్దెకున్నవారివే" అని ఆయన ముందే రాసుకొచ్చిన లైను కొట్టేయించాకే సంతకం పెట్టాననుకోండి.

ఇక్కడ డిపాజిట్ మూడు నెలల అద్దెకి మించకూడదు, బాగానే ఉంది. కానీ తిరిగొచ్చేసరికి ఆర్నెల్లు పట్టొచ్చట, ఇల్లు వెచ్చగా ఉంచే హీటింగ్ ఖర్చు లెక్క తేలలేదని అందులో కొంత ఇంకా ఆపుకోవచ్చు కూడా. అందుకే ఇండియా వచ్చేస్తున్నా ఇక్కడి బ్యాంకు అకౌంట్ మాత్రం మూయట్లేదు.

హైదరాబాద్‌లో మా పాత ఓనరు పెయింటింగ్ పేరు చెప్పి నెల అద్దె నవ్వుతూ కోసేశాడు, టీ కూడా ఇచ్చాడు పాపం.