బొంత ఓర్చుకుంటుంది, బ్లాకు ఓర్చుకోదు

కోనసీమ ఇళ్ళలో బొంత అంటే మెత్తబడిన పాత నూలు చీరలను పొరలుగా పరిచి, అంచులు లోపలికి మడిచి, చేత్తో వరుసగా టాకాలు వేసుకుంటూ పోవడమే. చిరుగు కనిపిస్తే మీద మరో ముక్క పడుతుంది. వరుస వంకరపోయినా పై పొర సర్దుకుంటుంది. క్విల్టు బ్లాకుల పని అలాంటిది కాదు. చిన్న చదరాలనూ త్రికోణాలనూ కలిపి ఒక బ్లాకు, బ్లాకులను కలిపి ఒక వరుస, వరుసలను కలిపి ఒక దుప్పటి చేసే ఈ పద్ధతిలో, మొదటి కుట్టులో జరిగిన తేడా చివరి కుట్టు దాకా పాకుతుంది. "బొంతకి కొలతలేమిటే, కప్పుకుంటే చలి ఆగితే చాలదూ?" అంటుంది మా పిన్ని. బొంత విషయంలో ఆవిడ మాట నిజమే.

బ్లాకు విషయంలో ఎందుకు కాదో లెక్క వేస్తే తెలుస్తుంది. కుట్టిన తరువాత 3 అంగుళాల చదరం కావాలంటే, నాలుగు వైపులా పావు అంగుళం కుట్టులోకి పోతుంది కనుక, మూడున్నర అంగుళాలకు కత్తిరించాలి. అలాంటి తొమ్మిది ముక్కలను మూడేసి చొప్పున మూడు వరుసలుగా కలిపిన బ్లాకు తొమ్మిదిన్నర అంగుళాలు ఉండాలి. ప్రతి కుట్టు ఒక్కొక్క ముక్కలోంచి అంగుళంలో వీసం, అంటే 16వ వంతు, ఎక్కువ తీసుకుందనుకోండి. వరుసకు రెండు కుట్లు, కుట్టుకు రెండు ముక్కలు కలిసి బ్లాకు పావు అంగుళం తగ్గిపోతుంది. ఎనిమిది బ్లాకుల వరుసలో అది 2 అంగుళాలు. జాకెట్లు కుట్టి అలవాటైన వారికి ఈ పని మొదట్లో కష్టంగా ఉండడానికి కారణం కూడా ఇదే. తరువాత వదులు చేసుకోవడానికి పక్కల్లో ధారాళంగా గుడ్డ వదిలే చేతికి పావు అంగుళం మరీ పిసినారితనంగా తోస్తుంది.

అందుకని సూది నుంచి పావు అంగుళం కొలిచి మిషన్ పళ్ళెం మీద ప్లాస్టరు పట్టీ ఒకటి అతికించి, గుడ్డ అంచును దాని వెంట నడపడం మంచిది. కుట్టు మడత కూడా ఒక నూలుపోగంత మందం తినేస్తుంది కనుక, పట్టీ పావు అంగుళానికి వెంట్రుకవాసి లోపలే ఉండాలి. అసలు ముక్కలు ముట్టుకోకముందు ఒకటిన్నర అంగుళాల వెడల్పు పట్టీలు మూడు కుట్టి చూడండి: నడిమి పట్టీ సరిగ్గా 1 అంగుళం, మొత్తం మూడున్నర అంగుళాలు రావాలి. రాకపోతే ప్లాస్టరును జరపండి. కొలతకు దర్జీ టేపు వద్దు, వాడగా వాడగా సాగుతుంది, స్కేలే నయం.

గుడ్డ సంగతి కుట్టుకంటే ముందుది. బండారులంక నూలు చీర ఎన్నో ఉతుకులు చూసి, కుదించుకుపోయేంత కుదించుకుపోయి ఉంటుంది. ద్వారపూడిలో కొన్న కొత్త తానుముక్క ఇంకా నీళ్ళు చూడలేదు. రెండింటినీ ఒకే బ్లాకులో కుడితే మొదటి ఉతుకుకే కొత్తది దగ్గరపడి పాతదాన్ని ముడతలు పెడుతుంది. కొత్త గుడ్డను ఉతికి, ఆరబెట్టి, ముదురు ఎరుపైతే తడి కొంగును తెల్లటి పంచె ముక్కకు అద్ది రంగు దిగుతుందేమో చూసుకుని, ఆ తరువాతే కత్తెర పట్టాలి. పాత చీర మెత్తదనం వల్ల కత్తెర కింద జారుతుంది. దానికి పలుచని గంజి పెట్టి ఇస్త్రీ చేస్తే కాగితంలా నిలబడుతుంది. అయితే మన వానాకాలపు చెమ్మలో గంజి ముక్కలు నిలవ ఉంటే బూజు పడుతుంది, కనుక వెంటనే కత్తిరించే వాటికి మాత్రమే పెట్టాలి.

పోగు వెంట కత్తిరించిన అంచు సాగదు, ఏటవాలు అంచు సాగుతుంది. త్రికోణాలతో వచ్చే తగువంతా ఇదే. రెండు 4 అంగుళాల చదరాలను ఒకదానిపై ఒకటి పెట్టి, ఐమూలగా గీత గీసి, గీతకు ఇరువైపులా పావు అంగుళం దూరంలో కుట్టి, ఆ పైన గీత మీద కత్తిరిస్తే, సాగే అంచు ఎప్పుడూ విడిగా చేతిలోకి రాదు. వచ్చిన రెండు ముక్కలను మూడున్నరకు చక్కదిద్దుకోవచ్చు. ఇస్త్రీ పెట్టెను చొక్కా మీద లాగినట్టు లాగకుండా, మోపి ఎత్తాలి. పక్కపక్క వరుసల కుట్టు మడతలను ఎదురెదురు దిక్కులకు ఒత్తితే కలిసేచోట అవి ఒకదానిలో ఒకటి కుదురుకుని మూలలు తప్పవు.

ఇన్ని చేసినా కొన్ని తప్పుతాయి. ప్రతి తప్పునూ విప్పాలని నేను అనను. మూల ఒక నూలుపోగంత తప్పితే మంచం పక్కన నిలబడ్డ మనిషికి కనబడదు. త్రికోణం మొన తెగితే మాత్రం గది గుమ్మం నుంచే కనబడుతుంది, అది విప్పవలసిందే. విప్పేటప్పుడు రెండు ముక్కలనూ చెరోవైపు పట్టి లాగితే పాత గుడ్డ చిరుగుతుంది. ఒక వైపు నాలుగు కుట్లకు ఒకటి చొప్పున తెంపుకుంటూ పోయి, రెండో వైపు దారాన్ని లాగితే మెల్లగా ఊడివస్తుంది. అదే చోట మళ్ళీ మళ్ళీ విప్పవలసి వస్తే ముక్కనే మార్చడం మేలు.

రెండు బ్లాకుల మధ్య తేడా పావు అంగుళం లోపు ఉంటే, పెద్దదాన్ని కింద పెట్టి, రెండు కొసలకూ నడిమికీ గుండుసూదులు గుచ్చి కుట్టాలి. కింది పొరను మిషన్ పళ్ళు లాక్కుంటాయి కనుక ఎక్కువ గుడ్డ తనంతట తానే సర్దుకుంటుంది. అంతకు మించి చిన్నదైతే, ఇస్త్రీతో సాగదీయబోకండి, ఉతికితే మళ్ళీ ముడుచుకుంటుంది. అన్ని బ్లాకుల చుట్టూ ఒకే రంగు పట్టీ వేసి, అన్నింటినీ ఒకే కొలతకు కత్తిరిస్తే ఆ లోపం నమూనాలో కలిసిపోతుంది. ఒక్క దానికే వేస్తే అతుకని తెలిసిపోతుంది.

తిరగబడిన ముక్కల సంగతి చూడటానికి, వరుసలు కలపకముందు బ్లాకులన్నీ నేల మీద పరిచి ఫోనులో ఫోటో తీయండి. కంటికి దొరకనిది ఆ చిన్న తెరలో దొరుకుతుంది. ఏ విధంగానూ దారికి రాని బ్లాకులను నేను దిండు గలీబులకు వాడేస్తాను.