ఊర్కెనే

పదకొండు దాటింది. అత్తమ్మ దగ్గు ఇప్పుడే ఆగింది. చిన్నది ఫోను చేతిలో ఉండగానే నిద్రపోయింది. మా ఆయన సంగతి సరేసరి. నాకే కన్ను మూతపడటం లేదు. పొద్దున 300 నంబరు బస్సులో విన్న ఒక్క మాట జోరీగలా చెవి చుట్టూ తిరుగుతోంది. రాసేస్తే వదులుతుందేమోనని కూర్చున్నాను.

అక్కకి మామిడికాయ తొక్కు ఇచ్చి వద్దామని అత్తాపూర్ బయల్దేరాను. నాగోల్‌లో ఎక్కితే మళ్ళీ అత్తాపూర్‌లో దిగడమే, మధ్యలో బస్సు మారే పని లేదు. ఉప్పల్ నుంచి మెహదీపట్నం దాకా హైదరాబాద్ నడిబొడ్డు జోలికి పోకుండా అంచు పట్టుకొని వెళ్తుంది. ఎల్బీనగర్, సాగర్ రింగ్ రోడ్డు, కర్మన్‌ఘాట్, డీఎంఆర్ఎల్ చౌరస్తా, చాంద్రాయణగుట్ట, ఆరాంఘర్, ఆ తర్వాత పీవీ ఎక్స్‌ప్రెస్‌వే పిల్లర్ల నీడన అత్తాపూర్. మెట్రో నీలం లైను నాగోల్‌లో ఆగిపోతుంది, ఎర్ర లైను ఎల్బీనగర్‌లో ఆగిపోతుంది. రెంటికీ మధ్య 5 కిలోమీటర్లు. రెండో దశలో చాంద్రాయణగుట్ట మీదుగా ఎయిర్‌పోర్టు దాకా కలిపే ఆలోచన ఉంది, కానీ ఇవాళ్టికి మా వైపు వాళ్ళకి ఈ బస్సే దిక్కు.

ఎల్బీనగర్‌లో సీట్లు నిండాయి. సాగర్ రింగ్ రోడ్డు దాటేసరికి నిలబడటానికి కూడా చోటు లేదు. కర్మన్‌ఘాట్‌లో ఒక పెద్దామె మనవరాలి చెయ్యి పట్టుకొని ఎక్కింది. ఆడవాళ్ళకి బస్సు ఉచితం కదా, కండక్టరమ్మ ఆధార్ చూపించమంది. పెద్దామె కొంగు ముడి విప్పింది, అందులోంచి ప్లాస్టిక్ కవరు, ఆ కవర్లో మడతలు పెట్టిన కాగితం. విప్పడానికి కొంచెంసేపు పట్టింది. బస్సు కుదుపుకి రెండుసార్లు తూలింది కూడా. అప్పుడు నా సీటు పక్కన రాడ్డు పట్టుకొని నిలబడ్డాయన, చేతిలో టిఫిను సంచి, యాభై ఏళ్ళుంటాయేమో, అందరికీ వినబడేలా అన్నాడు.

"ఊర్కెనే వస్తుందని ఊర్కెనే తిరుగుడు. ఇండ్లల్ల పన్లు లేవా వీళ్ళకు?"

ఎవరూ ఏమీ అనలేదు. కండక్టరమ్మ మిషన్ నొక్కి జీరో టికెట్ చింపి ఇచ్చింది. పెద్దామె వినలేదన్నట్టు కొంగు తల మీదికి లాక్కొని కిటికీ వైపు తిరిగింది. విన్నది. ఆ తిరగడంలోనే తెలిసింది నాకు. నేను కూడా ఏమీ అనలేదు. ఒళ్ళో తొక్కు డబ్బా గట్టిగా పట్టుకొని కూర్చున్నాను.

అక్కణ్ణించి ఆరాంఘర్ దాకా మనసులో ఆయనతో ఒకటే వాదన. ఏం పని లేక తిరుగుతున్నారయ్యా? నా ముందు సీట్లో ఉన్నమ్మాయి చేతిలో ఎవరి కోసమో క్యారియరు ఉంది. ఆ పక్కనామె మెడలో ఏదో షాపు గుర్తింపు కార్డు ఉంది. చాంద్రాయణగుట్టలో ఎక్కిన ముగ్గురు బుర్ఖా వేసుకున్న పిల్లలు పుస్తకాలు తెరిచి నిలబడే చదువుకుంటున్నారు. అసలు ఊర్కెనే అన్న మాటే తప్పు. 2023 డిసెంబరు 9న ఈ ఉచిత ప్రయాణం, మహాలక్ష్మి పథకం, మొదలైంది. ఆ తర్వాత కొద్ది రోజుల నుంచే ప్రతి ఆడమనిషికీ టికెట్ కొట్టే ఇస్తున్నారు. ఆ జీరో టికెట్ల లెక్క మీదే ప్రభుత్వం ఆర్టీసీకి డబ్బు కడుతుంది. ఆ డబ్బులో ఆ పెద్దామె కొనుక్కునే సబ్బు మీద పన్ను కూడా ఉంది, నా పన్నూ ఉంది, ఆయన పన్నూ ఉంది.

ఆరాంఘర్‌లో ఆయన దిగిపోయాడు. అప్పుడు పెద్దామె నా పక్కకి వచ్చి కూర్చుంది. ఎక్కడికమ్మా అంటే మెహదీపట్నం, సరోజినీదేవి కంటి దవాఖానకి అంది. రెండో కంటికి ఆపరేషన్ ఎప్పుడు చేస్తారో చెప్తామన్నారట. నాకు ఎంత కోపం వచ్చిందంటే, బస్సు ఆపించి ఆయన్ని వెనక్కి పిలిచి, విన్నారా, కంటి ఆపరేషన్ కోసం పోతోందట, ఇప్పుడు చెప్పండి అని అడగాలనిపించింది. సాయంత్రం దాకా ఆ జవాబే నూరుకుంటూ ఉన్నాను.

ఇది రాయడం మొదలుపెట్టింది కూడా ఆ జవాబు రాద్దామనే. కానీ ఇక్కడికి వచ్చాక చెయ్యి ఆగింది. ఆమె దవాఖానకి పోకుండా ఉంటే? కూతుర్ని చూడటానికో, లేదంటే ఊరికే కిటికీ పక్కన కూర్చొని మెహదీపట్నం దాకా పోయి రావడానికో ఎక్కి ఉంటే? అప్పుడు ఆయన అన్నది న్యాయమైపోతుందా?

అమ్మ గుర్తొచ్చింది.

1999 వేసవి. నాది ఇంటర్ మొదటి సంవత్సరం అయిపోయింది. మేము అప్పుడు ఉప్పల్‌లో ఉండేవాళ్ళం, పెద్దమ్మ వాళ్ళు అత్తాపూర్‌లోనే. ఒక ఊళ్ళో ఉన్న అక్కాచెల్లెళ్ళు, అయినా ఏడాదికి రెండుసార్లు కలిస్తే ఎక్కువ. పెళ్ళికో, పురుడుకో, దినానికో. ఒక గురువారం వంటయ్యాక అమ్మ ఉన్నట్టుండి ఇస్త్రీ చీర తీసి కట్టుకుంది. "పెద్దమ్మను చూసొద్దాం పా" అంది. ఏముంది అక్కడ అంటే ఏం లేదంది. పోపుల డబ్బాలోంచి రానుపోను ఛార్జీ లెక్కపెట్టి రుమాల్లో మూటగట్టింది. మాకు తెలిసిన దారి కోఠి మీదుగానే. కోఠిలో దిగి, ఎండలో చాలాసేపు నిలబడి, ఇంకో బస్సు పట్టుకున్నాం. అప్పుడు ఆ ఎక్స్‌ప్రెస్‌వే లేదు, 2009లో కదా తెరిచింది. పిల్లరు నంబరు చెప్పి ఇల్లు పట్టుకునే వీలు అప్పుడెక్కడిది! అమ్మ ఒక చింతచెట్టు గుర్తు పెట్టుకొని వెతికింది. చేరేసరికి మూడయ్యింది.

పెద్దమ్మ వాకిట్లో మంచం మీద వడియాలు తిరగేస్తోంది. గేటు దగ్గర మమ్మల్ని చూడగానే చేతిలో పళ్ళెం కింద పడేసింది. "ఏమైందే? మరిది మంచిగున్నడా? ఎవరికేమైంది?" అని అరుచుకుంటూ వచ్చింది. ముఖం తెల్లగా పాలిపోయింది. అమ్మ నవ్వుతూ, "ఏం కాలేదక్కా, ఊర్కెనే వచ్చిన" అంది.

పెద్దమ్మ నమ్మలేదు. టీ ఇస్తూ అడిగింది, వక్కపలుకు ఇస్తూ అడిగింది. చివరికి నన్ను వంటింట్లోకి పిలిచి, "మీ నాయిన ఏమన్న అన్నడా బిడ్డా?" అని చెవిలో అడిగింది. గంట కూడా కూర్చోలేదు మేము. ఆరింటికి నాన్న డ్యూటీ నుంచి వచ్చేలోపు ఇంట్లో ఉండాలి. తిరుగు బస్సులో అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. అఫ్జల్‌గంజ్ దగ్గరనుకుంటా, "ఇగ ఊర్కెనే పోవద్దు. అక్క బెదిరింది" అంది.

మళ్ళీ పోలేదు. ఇప్పుడు ఇద్దరూ లేరు.

బస్సులో ఆయన్ని పూర్తిగా తప్పు పట్టలేకపోతున్నాను కూడా. డబ్బులిచ్చి టికెట్ కొన్నాడు, ఎల్బీనగర్ నుంచి ఆరాంఘర్ దాకా నిలబడ్డాడు, మోకాళ్ళు నొప్పి పుట్టి ఉంటాయి. అడిగితే ఇంకా బస్సులు వేయమని అడగాలి గానీ ఎక్కినవాళ్ళని అంటే ఏం వస్తుంది. అయినా పోయినేడు ఒక సాయంత్రం ఎల్బీనగర్‌లో సీటు దొరక్క నేను కూడా మా ఆయనతో అన్నాను, "ఇంతమంది ఆడవాళ్ళు ఎక్కడికి పోతున్నారో" అని. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. ఇవాళ ఆయన నోట విన్నాక గానీ అది ఎలా ఉంటుందో తెలియలేదు.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను. అక్కకి తొక్కు అక్కర్లేదు. వాళ్ళింట్లో రెండు జాడీలున్నాయి, నాకు ముందే తెలుసు. అక్కని చూడాలనిపించింది, అంతే. కానీ డబ్బా లేకుండా ఇంట్లోంచి కదలలేకపోయాను. బస్సులో ఆయన ఆ మాట అన్నప్పుడు డబ్బా ఎందుకు అంత గట్టిగా పట్టుకున్నానో ఇప్పుడర్థమవుతోంది. నాకు పనుంది చూడండి అని చూపించుకోవడానికి. కండక్టరమ్మ ఎక్కడికి అని అడిగింది గానీ ఎందుకు అని అడగలేదు. నేనే నా ఒళ్ళో జవాబు పెట్టుకొని కూర్చున్నాను.

అక్క తలుపు తీసి, "రా, పప్పు తాలింపు పెడుతున్న" అంది. బెదరలేదు. రెండు గంటలు మాట్లాడుకున్నాం. ఏం మాట్లాడుకున్నామో ఇప్పుడు గుర్తు లేదు, బాగుంది.

సాయంత్రం ఇల్లు చేరాక అత్తమ్మ అడిగింది, ఏం పని మీద పోయినవ్ బిడ్డా అని. తొక్కు ఇయ్యనీకి పోయిన అన్నాను. అత్తమ్మ కాసేపు ఊరుకొని, "నన్ను గూడ తీస్కపోతే అయిపోవు. ఊర్కెనే కిటికి పక్కన కూసొని వస్తుంటి" అంది. అప్పుడు కుక్కర్ విజిల్ మధ్యలో పట్టించుకోలేదు.

ఇల్లు దాటి ఆమె ఎంత కాలమైందో లెక్కపెడుతున్నాను. చిన్నదాని ఓణీల ఫంక్షను తర్వాత దవాఖానకి తప్ప ఎక్కడికీ పోలేదు. శనివారం తీసుకెళ్తాను. పదకొండు దాటాక అయితే బస్సులో కూర్చోవడానికి చోటు దొరుకుతుంది. కుడివైపు సీటు చూడాలి, ఆ పూట ఎండ పడదు. ఆమె ఆధార్ కార్డు బీరువాలో పట్టుచీరల కింద ఎక్కడో ఉండాలి. పొద్దున్నే వెతకాలి.