శెనక్కాయ ఆకులతో కర్నూలులో సమ్మర్ ఇంటర్న్‌షిప్ – నా అనుభవం

మాది అనంతపురం దగ్గర పల్లెటూరు, బీటెక్ సీఎస్ఈ చదువుతున్నా. ఈ వేసవిలో కర్నూలులో ఒక మేడమ్ దగ్గర కంప్యూటర్ విజన్ (ఫోటోలో ఏముందో కంప్యూటర్ గుర్తుపట్టేలా చేయడం) మీద రీసెర్చ్ ఇంటర్న్‌షిప్ చేశాను. ఎలా వచ్చింది, అక్కడ ఏం చేశావక్కా అని జూనియర్లు చాలామంది అడుగుతున్నారు, అందుకే వివరంగా రాస్తున్నా.

ముందు అప్లికేషన్ సంగతి. సైన్స్ అకాడమీల సమ్మర్ ఫెలోషిప్ లాంటి పెద్దవాటికి సంక్రాంతి రాకముందే గడువు అయిపోతుంది, వేసవి సెలవులే కదా మార్చిలో చూద్దాంలే అంటే కుదరదు. నాకు వచ్చింది మాత్రం నేరుగా ప్రొఫెసర్‌కి మెయిల్ రాస్తే. అందులో మార్కుల గురించి ఒక్క లైనే రాసి మిగతాదంతా ఒక ప్రశ్నకి వదిలాను. ప్లాంట్‌విలేజ్ అని ఆకు జబ్బుల ఫోటోల డేటాసెట్ (కంప్యూటర్‌కి నేర్పడానికి పోగుచేసిన ఫోటోల సేకరణ) ఉంది, 54 వేలకు పైగా ఫోటోలు, 14 పంటలు, 26 జబ్బులు. ఆపిల్ ఉంది, టమాటా ఉంది, మన జిల్లా రైతులు తరతరాలుగా నమ్ముకున్న శెనక్కాయ లేదు. దీనికి ఏమైనా చేయొచ్చా మేడమ్ అని అడిగాను. జవాబులో ఆమె మొట్టమొదట అడిగింది: "ఇప్పుడు మీ ఊరి చేన్లలో పంట ఉందా?"

ఇంటర్న్‌షిప్ జరిగేది మే, జూన్ నెలల్లో. వానకు వేసే శెనక్కాయకి అప్పటికి ఇంకా ఆకు మచ్చల దశ రాదు, చాలా చోట్ల విత్తనమే పడదు. ఉండేదల్లా బోర్ల కింద రబీ పంట, అదీ వేసవి ముదిరేలోపు పీకేస్తారు. అందుకని సెమిస్టర్ నడుస్తుండగానే ఆదివారాలు మా చేను, మామ వాళ్ళ చేను, పక్క ఊర్లో తెలిసినవాళ్ళ చేన్లు తిరిగి ఫోన్‌తో ఫోటోలు తీశాను.

శెనక్కాయకి వచ్చే తిక్క తెగులు (ఆకుమచ్చ తెగులు)లో రెండు రకాలు. ముందుగా వచ్చే ఆకుమచ్చకి గోధుమరంగు మచ్చ చుట్టూ పసుపు వలయం ఉంటుంది, ఆలస్యంగా వచ్చేది నల్లగా ఉండి ఆకు అడుగున బాగా కనిపిస్తుంది. తుప్పు తెగులు పొక్కులు కూడా ఎక్కువగా అడుగువైపే. నేను పైనుంచి తీసుకుంటూ పోతుంటే నాయన ఆపి "ఆకు తిప్పి చూడు పాపా, పైన చూస్తే ఏం తెలుస్తాది" అన్నాడు. అప్పటినుంచి ప్రతి ఆకుకీ పైది ఒకటి, అడుగుది ఒకటి తీశాను. మేడమ్‌కి ఇది ఎంత నచ్చిందంటే రెండు ఫోటోలూ కలిపి చూసేలా మోడల్ (ఫోటో చూసి జబ్బు పేరు చెప్పే ప్రోగ్రామ్) తయారు చేయించారు. జబ్బు పేర్లు మేం ఊహించి రాయలేదు, పంట తెగుళ్ళ మీద చదువుకున్న ఒకాయన చూసి చెప్పారు, ఆయన తేల్చలేనివి పక్కన పెట్టేశాం.

కర్నూలు ఎండ గురించి మనవాళ్ళకి చెప్పేదేముంది, ల్యాబ్‌లో ఏసీ ఉంది కాబట్టి బతికిపోయాం. మొదట్లో అంతా పేపర్లు చదవడమే. నన్ను బాగా కదిలించింది 2016లో ప్లాంట్‌విలేజ్ ఫోటోల మీద వచ్చిన పేపర్. అదే డేటాసెట్‌లో పరీక్ష పెడితే 99.35 శాతం సరిగ్గా చెప్పిన మోడల్, వేరే పరిస్థితుల్లో తీసిన ఫోటోలు ఇచ్చేసరికి 31 శాతం చిల్లరకి పడిపోయింది, ఆ సంగతి రాసినవాళ్ళే దాచకుండా చెప్పారు. డేటాసెట్‌లోవి తెంపిన ఆకుని సాదా బ్యాక్‌గ్రౌండ్ మీద పెట్టి తీసిన ఫోటోలు. చేనులో నీడ పడుతుంది, మట్టి అంటి ఉంటుంది, పక్క ఆకు అడ్డం వస్తుంది.

మేడమ్ మొదటి రోజే ఒక షరతు పెట్టారు. ఫోటోలన్నీ కలిపేసి ట్రైనింగ్‌కి (మోడల్‌కి నేర్పడానికి) కొన్ని, టెస్ట్‌కి (నేర్చుకుందో లేదో చూడటానికి) కొన్ని అని పంచితే సరిపోదు, చేను వారీగా పంచాలి, ట్రైనింగ్‌లో ఉన్న చేను ఫోటో ఒక్కటి కూడా టెస్ట్‌లోకి రాకూడదు. తేడా తెలియాలని రెండు పద్ధతులూ చేశాం. ఇమేజ్‌నెట్ అనే పెద్ద ఫోటోల డేటాసెట్ మీద ముందే నేర్చుకున్న రెస్‌నెట్ అనే మోడల్‌ని తీసుకుని మా ఫోటోలతో మళ్ళీ ట్రైన్ చేస్తే, కలిపి పంచినప్పుడు వచ్చిన అంకె చూసి ఎవరైనా పండగ చేసుకుంటారు. చేను వారీగా పంచితే దారుణంగా పడిపోయింది.

ఎందుకో చూద్దామని గ్రాడ్‌క్యామ్ పెట్టాం, మోడల్ ఫోటోలో ఎక్కడ చూసి జవాబు చెప్పిందో రంగుల్లో చూపించే పద్ధతి ఇది. తుప్పు తెగులు ఎక్కువగా దొరికింది మామ వాళ్ళ చేనులో, అక్కడ డ్రిప్ ఉంది. మోడల్ ఎక్కువగా చూసిన చోటు చూపించే ఎర్ర రంగంతా పోయి వెనకాల ఉన్న నల్ల డ్రిప్ పైపు మీద పడింది! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దీన్నే యాప్‌గా చేసి రైతు చేతికిస్తే, పైపు కనిపించిన ప్రతి చేనుకీ తుప్పు తెగులని చెప్పి మందు కొట్టించేది కదా, ఆ మందు డబ్బులు ఎవరివి?

తర్వాతంతా ఆకు వరకే కత్తిరించి, వెనకదంతా తీసేసి, మళ్ళీ మళ్ళీ ట్రైన్ చేయడం. ఫలితం కొంత మెరుగైంది గానీ కలిపి పంచినప్పటి అంకె దరిదాపుల్లోకి రాలేదు. రిపోర్ట్‌లో ఆ చిన్న అంకెనే ముందు పెట్టమన్నారు మేడమ్, నాకూ అదే న్యాయం అనిపించింది.

కాలేజీ మొదలైనా ఈ పని నడుస్తోంది. వానకు వేసిన చేన్లలో మచ్చలు ఆగస్టు, సెప్టెంబర్‌లలో కనిపిస్తాయి, డ్రిప్ లేని చేన్ల ఫోటోలు ఇప్పుడు చాలా అవసరం. ఉరవకొండ, కళ్యాణదుర్గం, కదిరి వైపు మీకు శెనక్కాయ ఉంటే ఆకు పైన ఒకటి, అడుగున ఒకటి తీసి, తేదీ, ఊరు, విత్తనం కదిరి-6 ఆ ఇంకోటా అన్నది రాసి పెట్టండి. నేనే వచ్చి తీసుకుంటా.