“ఏ పక్కనమ్మా నొప్పి?”

సైనస్ తిరగబెట్టడం మొదలయ్యాక జలుబు చేస్తుందంటేనే నాకు భయం పట్టుకునేది. కుడి బుగ్గ ఎముక కింద బరువు, వంగితే పోటు, గొంతులోకి జారే చిక్కటి కళ్లె. వాటన్నిటికంటే బాధపెట్టింది వాసన. ముక్కులో ఏదో కుళ్లిన వాసన అన్నం ముందు కూర్చున్నా వదిలేది కాదు. బడిలో పాఠాలు చెప్పేదాన్ని కాబట్టి ఇంట్లోవాళ్లు, తోటి టీచర్లు అందరూ సుద్దముక్కల పొడి వల్లేనని తేల్చేశారు.

మా వీధి డాక్టరుగారు మంచి మనిషి. యాంటీబయాటిక్ రాసేవారు, వాడితే తగ్గేది. ఆపిన కొన్ని వారాలకు మళ్లీ వచ్చేది. మామూలు జలుబుతో వచ్చే సైనస్ చాలావరకు వైరస్‌దే; పది రోజుల్లో దానంతటదే సర్దుకుంటుంది, దానికి యాంటీబయాటిక్‌తో పనిలేదు. కానీ ఏడాదిలో 4 సార్లో అంతకన్నా ఎక్కువో వస్తున్నా, 12 వారాలు దాటినా వదలకపోయినా చెవి ముక్కు గొంతు నిపుణులే చూడాలి. ఈ సంగతి ఆయనే చెప్పి, ఇక ఈఎన్‌టీ వాళ్ల దగ్గరికి వెళ్లమన్నారు.

పేరున్న పెద్ద ఆసుపత్రికి వెళ్లాం. జలుబు ముదిరి ఉన్న ఆ రోజే సీటీ స్కాన్ తీయించారు. డాక్టరు ముక్కులోకి టార్చి వేసి చూసింది క్షణమే. “ముక్కు దూలం వంకరగా ఉంది, సైనస్ నిండిపోయింది. ఆపరేషన్ చేసి రెండూ సరిచేస్తాం” అని, ఖర్చు వివరాలకు కింద కౌంటర్‌కు పంపారు. సైనస్ ఆపరేషన్ చెడ్డదని నేను అనను. ముక్కులో పాలిప్స్ అనే మెత్తటి కండ పెరిగినవాళ్లకు, ఫంగస్ పేరుకున్నవాళ్లకు, మందులకు లొంగని జబ్బుకు అది నిజంగా మేలు చేస్తుంది. అయితే ప్రతిసారీ కుడివైపే ఎందుకు వస్తోందని అడిగాను. దానికి జవాబు రాలేదు. జవాబు తెలియకుండా ఆపరేషన్ బల్ల ఎక్కడానికి నా మనసు ఒప్పుకోలేదు.

ఇంకో డాక్టరును వెతకడం మొదలుపెట్టాను. ఇంటర్నెట్‌లో స్టార్ రేటింగులు చూసి ఎంచుకోలేదు. ఎంఎస్ లేదా డీఎన్‌బీ ఈఎన్‌టీ చదివారా, వారి రిజిస్ట్రేషన్ నంబరు మెడికల్ కౌన్సిల్ జాబితాలో ఉందా అని ముందు చూశాను. తర్వాత ఒక్కో క్లినిక్‌కు ఫోను చేసి, ముక్కు ఎండోస్కోపీ, అంటే సన్నటి కెమెరా గొట్టంతో ముక్కు లోపల చూసే పరీక్ష, అక్కడే చేస్తారా అని అడిగాను. చేస్తామని వెంటనే చెప్పినవాళ్లు తక్కువ. నాకు ఆ ప్రశ్న చాలా ముఖ్యమనిపించింది. సైనస్‌లంటే ముఖం ఎముకల్లో ఉండే గాలి గదులు. వాటి నోళ్లు ముక్కులో లోపలెక్కడో మడతల చాటున ఉంటాయి. టార్చి వెలుతురు అక్కడిదాకా పోదు. ప్రైవేటు ఖర్చు భరించలేనివారికి హైదరాబాద్ కోఠిలోనూ, విశాఖ పెదవాల్తేరులోనూ చెవి ముక్కు గొంతు వైద్యానికే ప్రత్యేకించిన ప్రభుత్వ ఆసుపత్రులున్నాయి.

చివరికి వెళ్లింది చిన్న క్లినిక్‌కు. డాక్టరమ్మ కలం పట్టుకోకుండానే మాట్లాడటం మొదలుపెట్టారు.

“ఏ పక్కనమ్మా నొప్పి?”

“కుడిపక్కనండి.”

“ఎడమపక్క ఎప్పుడూ రాలేదా?”

“ఒక్కసారి కూడా రాలేదండి.”

“చెడు వాసన ఏమైనా వస్తోందా?”

ఆ మాట ఆవిడే అడిగేసరికి నాకు గొంతు పూడుకుపోయింది. అప్పటిదాకా ఎవరూ అడగలేదు. వస్తోందన్నాను. “పై పళ్లకు ఎప్పుడైనా వైద్యం చేయించుకున్నారా?” అన్నారు. కుడివైపు దవడ పన్నుకు చాలా ఏళ్ల కిందట రూట్ కెనాల్ చేసి తొడుగు వేశారు. ఆ పన్ను ఎప్పుడూ నొప్పి పెట్టలేదు.

మందులో తడిపిన దూది ముక్కులో పెట్టి, మొద్దుబారాక సన్నటి గొట్టం లోపలికి పోనిచ్చారు. తెర నావైపు తిప్పారు. గులాబీరంగు కండ మడత, దాని కింద నుంచి పసుపుపచ్చటి చీము చుక్క నెమ్మదిగా జారుతూ కనిపించింది. తర్వాత ఒక స్టీలు పరికరం పిడితో పై పళ్లను ఒక్కొక్కటిగా తట్టుకుంటూ వచ్చారు. తొడుగున్న పన్ను దగ్గరికి రాగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. పాత స్కాన్ ఫిల్మును కూడా వెలుతురుకు పట్టి చూపించారు. మిగతా సైనస్‌లన్నీ గాలితో నల్లగా ఉన్నాయి, కుడి బుగ్గలోది ఒక్కటే బూడిదరంగులో నిండిపోయి ఉంది. పై దవడ పళ్ల వేళ్లు సరిగ్గా ఆ సైనస్ అడుగునే ఉంటాయట. వేరు కొసలో చీము పడితే పైకి పాకుతుందట.

“దూలం కొద్దిగా వంకర ఉండటం చాలామందిలో మామూలేనమ్మా. ముందు పంటి డాక్టరుకు చూపించండి. పన్ను బాగయ్యాక కూడా ఇది తగ్గకపోతే అప్పుడు ఆపరేషన్ గురించి మాట్లాడుకుందాం” అన్నారు. నాకు ఆవిడ మీద నమ్మకం కుదిరింది ఈ మాటతోనే.

పంటి స్కాన్‌లో సంగతి తేలింది. మొదటి వైద్యంలో పంటి వేరు లోపలి ఒక సన్నటి కాలువ శుభ్రం కాకుండా మిగిలిపోయింది. తొడుగు తీసి, లోపలంతా మళ్లీ శుభ్రం చేసి మూశారు. ఆ రోజుల్లోనే డాక్టరమ్మ ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడం నేర్పారు. కాచి చల్లార్చిన నీళ్లే వాడాలి, కుళాయి నీళ్లు నేరుగా ముక్కులోకి పోనివ్వకూడదు. ముక్కు దిబ్బడకు మందుల షాపులో కొనే చుక్కలు నాలుగైదు రోజులకు మించి వేయవద్దని, మించితే దిబ్బడ ఇంకా పెరుగుతుందని గట్టిగా చెప్పారు. ముందుగా వాసన పోయింది, ఆ తర్వాత బుగ్గలో బరువు. ఇప్పుడూ జలుబు చేస్తుంది, వచ్చిన దారినే పోతుంది. ఆపరేషన్ అవసరం పడలేదు.

నా కథ విని మా చెల్లెలు తన పళ్లు కూడా చూపించుకుంటానంది. తనకూ సైనస్ తలనొప్పే అనుకుంటూ వచ్చింది. అదే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ముక్కు లోపల అంతా శుభ్రంగా ఉంది. వెలుతురు చూస్తే నొప్పి పెరుగుతుందా, వాంతి వచ్చినట్టు ఉంటుందా అని అడిగారు. రెండూ ఉన్నాయి. ఇది మైగ్రేన్‌లా ఉంది, నా పని కాదంటూ న్యూరాలజిస్టుకు చీటీ రాసిచ్చారు. వచ్చే వారం వెళుతున్నాం. నొప్పి ఎప్పుడు వచ్చింది, ఎంతసేపు ఉంది, ఏ పక్కన అన్నది ఇప్పటినుంచే ఒక నోటు పుస్తకంలో రాసుకోమన్నాను.