పిల్ల ‘ఊఁ’ అంటే ఏమని రాయాలి? పోక్సో వాంగ్మూలాల దగ్గర నా అనుభవం

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసులొచ్చినప్పుడు పిల్లల పక్కన సహాయక వ్యక్తిగా కూర్చోవడం నా పని. ప్రశ్నలడిగేది ఎస్ఐ మేడమ్. గది చూసుకోవడం, ప్రశ్న దారి తప్పుతోందని ముందే పసిగట్టడం నా వంతు. వాంగ్మూలం చెడిందంటే దాదాపు ప్రతిసారీ దోషం అడిగిన తీరులోనే ఉంటుంది.

చట్టం 24వ సెక్షన్ ప్రకారం పిల్ల ఇంట్లోగానీ, తనకి నచ్చిన చోటగానీ రికార్డు చేయాలి. వీలైనంతవరకు ఎస్ఐ హోదాకి తగ్గని మహిళా అధికారి, అదీ యూనిఫాం లేకుండా రావాలి. ఇల్లు బాగానే ఉంటుందనిపిస్తుంది గానీ, పల్లెలో అరుగు మీద కూర్చుంటే పది నిమిషాల్లో వీధంతా గుమ్మంలో ఉంటుంది. అనుమానం ఇంట్లోవాళ్ళ మీదే అయితే ఆ ఇంటి మాటే ఎత్తకూడదు. పిల్ల సరేనంటే సెలవు రోజు అంగన్‌వాడీ గది నయం. రికార్డింగ్ మొదలెట్టే ముందు ఒక నిమిషం రికార్డు చేసి వినాలి. సీలింగు ఫ్యాను చప్పుడు చిన్నపిల్లల గొంతుని మింగేస్తుంది. అమ్మానాన్నగానీ, పిల్ల నమ్మినవాళ్ళుగానీ దగ్గర ఉండాలి కాబట్టి అమ్మని పిల్లకి కాస్త వెనగ్గా కూర్చోబెడతాం. ఎదురుగా ఉంటే పిల్ల ప్రతి మాటకీ అమ్మ మొహం చూస్తుంది.

పిల్లల్ని ప్రశ్నలడగడానికి ఎన్‌ఐసీహెచ్‌డీ (అమెరికా ప్రభుత్వ శిశు ఆరోగ్య పరిశోధన సంస్థ) ప్రోటోకాల్ అని మైకేల్ లాంబ్, ఆయనతో పనిచేసిన పరిశోధకులు రూపొందించిన పద్ధతి ఉంది. మేం చాలావరకు ఆ వరసే పాటిస్తాం. ముందు నియమాలు: తెలియకపోతే తెలీదను, అర్థం కాకపోతే అడుగు, నేను తప్పు చెబితే సరిదిద్దు. చెప్పి ఊరుకుంటే చాలదు, ఒకసారి చేయించాలి. పిల్ల వయసు తెలిసి కూడా “నీకు పన్నెండేళ్ళు” అంటే, “కాదు, ఎనిమిది” అనాలి. అనకపోతే పెద్దవాళ్ళని కాదనడానికి ఇంకా జంకుతోందన్నమాట, మళ్ళీ మొదటికి రావాలి. తర్వాత అయిదారు నిమిషాలు కేసుతో సంబంధం లేని సంగతి: “పొద్దున్న లేచిన కాడ్నించి ఇక్కడికొచ్చేదాకా అంతా సెప్పు.” తొందరున్న ఎస్ఐలు దీన్నే ఎగ్గొడతారు. వివరంగా చెప్పడం పిల్లకి అలవాటయ్యేది ఇక్కడే. ఇది లేకపోతే అసలు విషయం దగ్గర ఒక్కో మాటే రాలుతుంది.

అసలు విషయానికి వచ్చేసరికి “ఎందుకొచ్చావో నాకు సెప్పు” అని అడిగి ఆగాలి. మనసులో పది లెక్కపెట్టాలి. ఆ నిశ్శబ్దాన్ని పెద్దవాళ్ళు భరించలేరు, ఏదో ఒకటి అందించేస్తారు. పిల్ల ఆగితే “తర్వాత ఏటయింది?”, తనే అన్న మాట పట్టుకుని “తలుపేసేడన్నావు, ఆ తలుపు సంగతి సెప్పు” అనాలి, అంతే.

మన భాషలోనే ఉన్న ఉచ్చు ‘కదా’. “అప్పుడు నువ్వు భయపడ్డావు కదా?” అంటే పిల్ల “ఊఁ” అంటుంది. కథ వింటూ ఊఁ కొట్టడం ఉగ్గుపాల నాటి అలవాటు. వింటున్నానని దానర్థం, అవునని కాదు. కాగితం మీదకెక్కేసరికి అది ‘అవును’ అయిపోతుంది. “కొట్టలేదా?” లాంటి ప్రశ్న ఇంకా అన్యాయం. దానికి ‘ఆఁ’ అంటే కొట్టాడనా, కొట్టలేదనా? ఒకే ప్రశ్న రెండుసార్లు అడిగితే ముందు చెప్పింది తప్పేమోనని పిల్లలు జవాబు మార్చేస్తారు.

కాలిఫోర్నియాలో 1983లో మొదలైన మెక్‌మార్టిన్ కేసులో (ఒక చిన్నపిల్లల బడివాళ్ళ మీద లైంగిక వేధింపుల ఆరోపణ) చేతిబొమ్మలు పట్టుకుని, ఇలాంటి ప్రశ్నలతోనే పిల్లల చేత చెప్పించిన మాటలే విచారణని ముంచాయి. 1990లో ఒక్కరికీ శిక్ష పడకుండా ముగిసింది.

తెలుగులో కర్త ఎగిరిపోతుంది. “వచ్చి, కూసోబెట్టి, తలుపేసేడు.” ఎవరు? మధ్యలో ఆపకుండా, తన ఊపు అయ్యాక అడగాలి. “మావ” అంటే సరిపోదు. మా ఊళ్ళలో మేనమావా మావే, పక్కింటాయనా మావే. “ఏ మావ? రమేష్ మావా?” అని పేరు మనం అందిస్తే ఆ పేరే ఖాయమైపోతుంది. “ఆ మావ గురించి సెప్పు, ఎక్కడుంటాడు?” అనాలి.

తేదీ అడిగి లాభం లేదు. “సిరిమాను పండక్కి ముందా, తర్వాతా?” అన్నా రెండింట్లో ఒకటి ఎంచి చెప్తారు. పండగ ఊసు పిల్ల నోట వచ్చినప్పుడే పట్టుకోవాలి. చాలాసార్లు జరిగిందంటే ఎన్నిసార్లని లెక్క అడక్కుండా కడసారి, మొదటిసారి, బాగా గుర్తున్నసారి విడివిడిగా చెప్పించాలి.

రాత దగ్గర జాగ్రత్త. “నాను కల్లంకాడికి ఎల్లేను” అంటే వాంగ్మూలం రాసే స్టేషన్ రైటర్లు చాలామంది “నేను పొలానికి వెళ్ళాను” అని దిద్దుతారు. కల్లం ఊరి పక్కనే, పొలం దూరాన. ఏడాది తర్వాత కోర్టులో పిల్ల మళ్ళీ కల్లమే అంటుంది, డిఫెన్స్ లాయరుకి అది చాలు. ఒంటి భాగాలకి పిల్ల వాడే ఇంటి మాటలూ అలాగే ఉంచాలి. మందస, మెళియాపుట్టి కొండల సవర పిల్లలకి, ఇచ్ఛాపురం ఒడియా పిల్లలకి అనువాదకులు కావాలి, ఆ పనికి బంధువులు పనికిరారు.

ముగించే ముందు అయిదు నిమిషాల విరామం తీసుకుని, ఏది మిగిలిపోయిందో బయట మాట్లాడుకుంటాం. “బాగా సెప్పావు, మంచి పిల్లవి” అనకూడదు, ఏం చెబితే మెచ్చుకుంటారో పిల్ల నేర్చేసుకుంటుంది. ఇంతసేపు కూర్చున్నందుకు థాంక్స్ చెప్పాలి. “ఎవరికీ సెప్పకండి” అంటే మాటివ్వకూడదు, 24 గంటల్లో పోలీసులు బాలల సంక్షేమ కమిటీకీ, ప్రత్యేక కోర్టుకీ తెలియజేయాల్సిందే. మేజిస్ట్రేట్ ముందు బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 183వ సెక్షన్ వాంగ్మూలం ఇంకా ఉంటుందని, అక్కడా ఇలాగే చెబితే చాలని పిల్లకి అప్పుడే చెప్పేస్తాను. ఆ తర్వాత ఇంటికెళ్ళి ఏం తింటుందో అడిగి, రికార్డింగ్ ఆపుతాం.